వ్యసన చికిత్సకు నిధులు కేటాయించేటప్పుడు: ఏ మార్గం ముందు, ఏ మార్గం తరువాత

మత్తుమందుల వ్యసనానికి చికిత్స అందించే బాధ్యత ఒక ఆరోగ్య శాఖ మీదో, నగరపాలక సంస్థ మీదో, స్వచ్ఛంద సంస్థ మీదో పడినప్పుడు బల్ల మీదికి వచ్చే ప్రతిపాదనలు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఇవే. పడకలతో డీ-అడిక్షన్ కేంద్రం కట్టి, మూడు నాలుగు వారాల్లో మత్తు మాన్పించి పంపమని ఒకరంటారు. హెరాయిన్ వంటి మత్తుకు బదులుగా వైద్యులు ఇచ్చే మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ వంటి మందులను అవసరమున్నన్నాళ్లూ ఇస్తూ పోవాలని మరొకరంటారు. శుభ్రమైన సూదులు పంచాలని, ఓవర్‌డోస్‌కు విరుగుడైన నాలోక్సోన్‌ను ఇళ్లకు చేర్చాలని, నర్సు సమక్షంలో మత్తు తీసుకునే గది తెరవాలని, అసలు చట్టాన్నే మార్చాలని చెప్పేవారూ ఉంటారు. డబ్బు మాత్రం వీటిలో రెండు మూడింటికే సరిపోతుంది. వేటిని ముందు ఎంచుకోవాలో, ఏ పరిస్థితిలో ఏది పనికిరాదో తేల్చుకోవలసిన వారి కోసం ఈ పోలిక.

ఇందులో ఎక్కువ భాగం నల్లమందు జాతి మత్తుమందులకు (ఓపియాయిడ్లకు), అంటే హెరాయిన్, ఫెంటనిల్ అనే ఎంతో బలమైన కృత్రిమ మత్తు, అలవాటుగా మారిన ఓపియాయిడ్ నొప్పి మాత్రలు వంటివాటికి వర్తిస్తుంది. మద్యం, ఉత్తేజక మందుల లెక్క వేరు కనుక వాటి సంగతి విడిగా చెబుతాను.

దేనితో కొలవాలి

ప్రతిపాదనలను పోల్చే ముందు కొలబద్ద ఏదో తేల్చుకోకపోతే పోలికంతా దారి తప్పుతుంది. చికిత్సా కేంద్రాల వార్షిక నివేదికల్లో తరచుగా కనిపించే గడి 'కోర్సు పూర్తి చేసినవారు' అన్నది. ఎంతమంది చేరారో, ఎంతమంది మత్తు లేకుండా గేటు దాటి వెళ్లారో అందులో ఉంటుంది; గేటు దాటిన తరువాత వారేమయ్యారన్నది ఉండదు. నా దృష్టిలో ముందుగా అడగవలసిన ప్రశ్నలు రెండు. చేరిన వంద మందిలో ఏడాది తరువాత ఎంతమంది ప్రాణాలతో ఉన్నారు? వారిలో ఎంతమంది ఇంకా ఎవరో ఒక వైద్యుడికో, నర్సుకో, కార్యకర్తకో అందుబాటులో ఉన్నారు? మత్తు పూర్తిగా మానేయడం మంచిదే, వ్యసనంలో ఉన్నవారిలో చాలామంది కోరుకునేదీ అదే. అయితే మానేసే రోజు దాకా మనిషి మిగలాలి కనుక ఆ కొలత మూడవ స్థానంలో రావాలి. హాని తగ్గింపు అని మనం పిలిచే విధానమంతా ఈ వరుసక్రమం మీదే నిలబడి ఉంది. ఆ విధానాన్ని మత్తు మానేయడానికి వ్యతిరేకమైన సిద్ధాంతంగా చూడడం సరికాదు.

మాన్పించి పంపడమా, మందు మీద నిలపడమా

అన్ని పోలికల్లోనూ ఇదే ముఖ్యమైనది. సాక్ష్యం కూడా ఇక్కడే అన్నిటికన్నా గట్టిగా ఉంది. 2003లో ఫలితాలు వెలువడిన ఒక స్వీడన్ ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం. హెరాయిన్‌కు అలవాటుపడిన 40 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపులోని 20 మందికి రోజూ 16 మిల్లీగ్రాముల బ్యూప్రెనార్ఫిన్‌ను ఏడాది పొడవునా ఇచ్చారు. రెండవ గుంపులోని 20 మందికి అదే మందును ఆరు రోజుల్లో తగ్గించుకుంటూ వచ్చి, ఆ తరువాత మందేమీ లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. కౌన్సెలింగ్, మూత్ర పరీక్షలు, సిబ్బంది చూపిన శ్రద్ధ రెండు గుంపులకూ ఒకటే. ఏడాది ముగిసేసరికి మొదటి గుంపులో 75 శాతం మంది చికిత్సలో నిలిచారు. రెండవ గుంపులో ఒక్కరు కూడా మిగలలేదు, నలుగురు చనిపోయారు. చిన్న ప్రయోగమే, కానీ మంచి కౌన్సెలింగ్ ఉంటే మందు అక్కరలేదని వాదించేవారు ముందుగా జవాబు చెప్పవలసింది దీనికే.

కారణం శరీరంలోనే ఉంది. రోజూ వాడే మనిషి శరీరం మత్తుకు అలవాటుపడి, కొత్తగా వాడేవారి ప్రాణం తీసేంత మోతాదును కూడా తట్టుకుంటుంది. కొన్ని వారాలు దూరంగా ఉంచితే ఆ తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. కోరిక మాత్రం అంత త్వరగా చావదు. బయటికి వచ్చిన మనిషి ఏదో ఒక సాయంత్రం పాత లెక్కన పాత మోతాదే తీసుకుంటే, ఊపిరిని నడిపించే మెదడు భాగం మందగించి శ్వాస ఆగిపోతుంది. బ్రిటన్‌లో ఆసుపత్రిలో చేర్చి మత్తు మాన్పించిన 137 మందిని ఏడాది పాటు గమనించిన ఒక అధ్యయనంలో, ఓవర్‌డోస్‌తో మరణించిన ముగ్గురూ చికిత్స సజావుగా పూర్తి చేసినవారి నుంచే ఉన్నారు. అంటే కేంద్రం నివేదికలో విజయాల గడిలో పడిన పేర్లే అవి. జైలు కూడా ఒక రకంగా మత్తును బలవంతంగా ఆపే చోటే కనుక అక్కడా ఇదే కథ: అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన ఖైదీలను పరిశీలించినప్పుడు, మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం సాధారణ ప్రజలతో పోలిస్తే 129 రెట్లు ఉన్నట్టు 2007లో తేలింది.

మందు మీద నిలిపినప్పుడు ఏమవుతుందో చెప్పే లెక్కలు 2017లో అనేక దేశాల సమాచారాన్ని కలిపి చేసిన సమీక్షలో ఉన్నాయి. వెయ్యి మందిని ఏడాది పాటు గమనిస్తే, మెథడోన్ చికిత్సలో ఉన్నప్పుడు అన్ని కారణాల వల్లా సంభవించిన మరణాలు 11.3, చికిత్స నుంచి బయటపడిన కాలంలో 36.1. బ్యూప్రెనార్ఫిన్ విషయంలో అవి 4.3, 9.5. చికిత్స మానిన మొదటి నాలుగు వారాలు మరీ ప్రమాదకరమని, మెథడోన్ మొదలుపెట్టిన తొలి నాలుగు వారాల్లో కూడా జాగ్రత్త అవసరమని అదే సమీక్ష చెబుతుంది. వైద్యంలో మరణాలను ఇంతగా తగ్గించే మందులు ఎన్నో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ 2005లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఒక మత్తుకు బదులు ఇంకో మత్తు ఇచ్చినట్టే కదా అన్న అభ్యంతరం ప్రతి సమావేశంలోనూ వస్తుంది. అడిగేవారిలో చాలామంది నిజాయితీగానే అడుగుతారు, కనుక నిజాయితీగానే జవాబు చెప్పాలి. శరీరం ఆ మందు మీద ఆధారపడే మాట నిజమే. అయితే హెరాయిన్ కొన్ని గంటల్లోనే దిగిపోయి, మనిషిని రోజుకు మూడు నాలుగు సార్లు మత్తుకూ బాధకూ మధ్య ఊగిస్తుంది. మెథడోన్ రోజంతా ఒకే మట్టంలో పనిచేస్తుంది కనుక, మోతాదు కుదిరిన మనిషికి తూగు ఉండదు, ఒళ్లు నొప్పులు, వాంతులు, చెమటలు ఉండవు. ఉద్యోగానికి వెళ్తాడు, పిల్లల్ని బడికి దింపుతాడు. ఆధారపడడం మిగిలినా జీవితాన్ని మింగేసే వెతుకులాట ఆగుతుంది.

అందువల్ల ఓపియాయిడ్ల విషయంలో, తరువాత మందు కొనసాగించే ఏర్పాటు లేని డీ-అడిక్షన్ పడకలకు నిధులు ఇవ్వవద్దని నా సలహా. పడకలు అసలే వద్దని కాదు. అక్కడే బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టి బయటి క్లినిక్‌కు అప్పగించే కేంద్రమైతే అది మంచి పెట్టుబడి. బలవంతంగా నిర్బంధించి ఉంచే కేంద్రాలనైతే పోలికలోకే తీసుకోనక్కరలేదు. వాటిని మూసివేయాలని ఐక్యరాజ్య సమితికి చెందిన 12 సంస్థలు 2012 మార్చిలో ఉమ్మడిగా కోరాయి.

మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్

మందును ఎంచుకున్న తరువాత ఏ మందు అన్న ప్రశ్న వస్తుంది. మెథడోన్‌తో నిలకడ చికిత్సను న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ 1960ల మధ్యలో మొదలుపెట్టారు. మోతాదు తగినంత ఇస్తే, అంటే చాలామందికి రోజుకు 60 నుంచి 120 మిల్లీగ్రాములు ఇస్తే, చికిత్సలో నిలిచేవారి సంఖ్య ఎక్కువగా ఉంటుంది. లోపం ఏమిటంటే, మోతాదు పెరిగేకొద్దీ ఊపిరి మీద దాని ప్రభావం పెరుగుతూనే పోతుంది. మొదటి వారాల్లో మెల్లగా పెంచాలి, నిద్రమాత్రలు, మద్యం తోడైతే మరింత జాగ్రత్త పడాలి. బ్యూప్రెనార్ఫిన్ ప్రభావం ఒక మట్టం దాటాక పెద్దగా పెరగదు కనుక దాన్ని మామూలు వైద్యులే రాసి ఇవ్వవచ్చు. ఫ్రాన్స్ 1995లో ఆ పనే చేసింది: ప్రత్యేక కేంద్రాల కోసం ఎదురుచూడకుండా కుటుంబ వైద్యులకు అనుమతి ఇవ్వగా, 1995, 1999 మధ్య ఓవర్‌డోస్ మరణాలు 79 శాతం తగ్గాయి. ప్రత్యేక అనుమతి ఉన్న వైద్యులే రాయాలన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరు దాకా పట్టుకుని కూర్చుంది.

బ్యూప్రెనార్ఫిన్‌కు ఒక చిక్కు ఉంది. ఒంట్లో వేరే ఓపియాయిడ్ ఇంకా బలంగా ఉండగా ఇస్తే, దాన్ని పక్కకు నెట్టి ఒక్కసారిగా తీవ్రమైన బాధలు తెస్తుంది. అందుకే ఆవలింతలు, ముక్కు కారడం, కంటిపాప పెద్దదవడం వంటి లక్షణాలు మొదలయ్యాకే తొలి మాత్ర నాలుక కింద పెడతారు. తొలి మాత్రతోనే బెంబేలెత్తిన మనిషి రెండవ మాత్రకు రాడు. సిబ్బంది శిక్షణలో ఈ ఒక్క అంశానికి ఎంత సమయమిచ్చినా ఎక్కువ కాదు.

నాల్ట్రెక్సోన్ ఓపియాయిడ్ కాదు. మత్తు ఎక్కకుండా అడ్డుకుంటుంది. అందుకే 'ఇందులో మత్తు లేదు' అన్న మాటతో అది విధాన రూపకర్తల మనసు గెలుచుకుంటుంది. నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్‌ను బ్యూప్రెనార్ఫిన్‌తో పోల్చిన ప్రయోగం 2018లో వెలువడింది. మందు మొదలుపెట్టగలిగినవారి మధ్య పెద్ద తేడా కనిపించలేదు. అయితే దాన్ని మొదలుపెట్టాలంటే ముందు వారం పైగా మత్తు పూర్తిగా మానాలి కనుక, నాల్ట్రెక్సోన్ వంతు వచ్చినవారిలో 28 శాతం మంది మొదటి ఇంజెక్షన్ దాకా రానేలేదు. బ్యూప్రెనార్ఫిన్ వైపు అలా జారిపోయినవారు 6 శాతమే. స్వయంగా దాన్ని కోరుకునేవారికి అది ఉండాలి. అందరికీ అదొక్కటే ఇస్తామనడం తప్పు.

మందు ఎంపిక కన్నా, దాని చుట్టూ అల్లిన నిబంధనలే చాలాచోట్ల ఫలితాన్ని తేలుస్తాయి. రోజూ పొద్దున్నే వరుసలో నిలబడి, కిటికీలోంచి ఇచ్చిన సిరప్‌ను నర్సు ఎదుటే తాగి, నోట్లో దాచుకోలేదని తెలియడానికి రెండు మాటలు మాట్లాడి వెళ్లాలి. తొలి వారాల్లో దీనికి అర్థముంది. మూడేళ్లుగా నిలకడగా ఉన్న మనిషిని కూడా అలాగే నిలబెడితే అతను ఉద్యోగమైనా వదలాలి, చికిత్సైనా వదలాలి. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా అమెరికాలో నిలకడగా ఉన్నవారికి 28 రోజుల మందు దాకా ఇంటికి ఇవ్వడానికి అనుమతించారు. భయపడినట్టు ఉపద్రవమేమీ రాలేదు, తరువాత ఆ సడలింపును శాశ్వతం చేశారు. ప్రతిపాదనలో గరిష్ఠ మోతాదు పరిమితి, రెండేళ్లలో మందు ఆపాలన్న గడువు, మూత్ర పరీక్షలో మత్తు కనిపిస్తే తొలగింపు అన్న మూడు షరతుల్లో ఏది ఉన్నా దాన్ని కొట్టేయించండి. జబ్బు లక్షణం కనిపించిందని రోగిని ఆసుపత్రి నుంచి పంపేయడం మరే జబ్బు విషయంలోనూ చేయము.

నాలోక్సోన్

దీని గురించి ఎక్కువ చర్చ అక్కరలేదు. 1960ల తొలినాళ్లలో తయారైన ఈ మందు ఓపియాయిడ్‌ను మెదడులోని దాని స్థానాల నుంచి తొలగించి, రెండు మూడు నిమిషాల్లో ఆగిన ఊపిరిని తిరిగి తెస్తుంది. మత్తు ఎక్కించదు, అలవాటు కాదు, ఓపియాయిడ్ ఒంట్లో లేని మనిషికి ఇచ్చినా హాని చేయదు. ఎవరి చేతుల్లో ఉండాలన్నదే ఎంపిక. అంబులెన్సుకే పరిమితం చేయడం ఒక పద్ధతి, వాడేవారికి, వారి ఇంటివారికి, స్నేహితులకు ఇవ్వడం మరో పద్ధతి. ఓవర్‌డోస్ జరిగినప్పుడు పక్కనుండేది వీరే కనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 మార్గదర్శకాల్లో రెండవదాన్నే సూచించింది. నేర్పవలసింది కొద్దిగానే: భుజం తట్టి పిలవడం, పలకకపోతే ముక్కులో స్ప్రే కొట్టడం, అంబులెన్సుకు ఫోను చేసి నోటితో శ్వాస అందించడం, రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే మరో మోతాదు ఇవ్వడం, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఉండడం. చివరిది ముఖ్యం, ఎందుకంటే నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, ఒంట్లోని మత్తు అంతకన్నా ఎక్కువ సేపు ఉండవచ్చు.

సూదులు

ఇంజెక్షన్ ద్వారా మత్తు తీసుకునేవారున్న చోట సూదుల పంపిణీని వాయిదా వేయడానికి కారణం కనిపించదు. 1980ల తొలినాళ్లలో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో సూదుల అమ్మకాన్ని కట్టడి చేయగా, వాడేవారు ఒకే సిరంజీని పదిమందీ పంచుకున్నారు. కొద్ది ఏళ్లకే ఒక వైద్యుల బృందం తమ దగ్గరికి వచ్చే హెరాయిన్ వాడకందారులను పరీక్షిస్తే సగం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. పక్కనే ఉన్న గ్లాస్గోలో ఆ స్థాయి వ్యాప్తి జరగలేదు. ముప్పై ఏళ్ల తరువాత ఇదే పాఠాన్ని అమెరికాలోని ఇండియానా రాష్ట్రం స్కాట్ కౌంటీ మళ్లీ నేర్చుకుంది. అక్కడి చట్టం సిరంజీల మార్పిడిని నిషేధించింది. 2015లో హెచ్‌ఐవీ కేసులు వేగంగా పెరగడంతో గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించి దానికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది; చివరికి కేసులు 180 దాటాయి.

పంపిణీలోనూ రెండు రకాలున్నాయి. వాడిన సూది తెస్తేనే కొత్తది ఇస్తామనడం చూడటానికి పద్ధతిగా ఉంటుంది, కానీ వాడిన సూదిని జేబులో పెట్టుకుని పోలీసుల ముందు నడవాలనేసరికి మనిషి రావడమే మానేస్తాడు. అడిగినన్ని ఇచ్చి, వాడినవి వేయడానికి డబ్బాలు పెట్టడమే పనిచేసే పద్ధతి. సూదులనూ మందు చికిత్సనూ కలిపి ఇస్తే లాభం పెరుగుతుంది: హెపటైటిస్-సి సోకే ప్రమాదం మందు ఒక్కదానితో సగం తగ్గితే, పుష్కలంగా సూదులు కూడా ఇచ్చినచోట 74 శాతం తగ్గినట్టు 2017 నాటి ఒక సమీక్ష అంచనా వేసింది.

పర్యవేక్షణ గదులు, హెరాయిన్ చికిత్స

పర్యవేక్షణ గది అంటే తెచ్చుకున్న మత్తును నర్సు కంటి ముందు తీసుకునే చోటు. మొదటిది 1986లో స్విట్జర్లాండ్ రాజధాని బెర్న్‌లో తెరిచారు. కెనడాలోని వాంకూవర్‌లో 2003లో మొదలైన ఇన్‌సైట్ కేంద్రానికి 500 మీటర్ల లోపల ఓవర్‌డోస్ మరణాల రేటు 35 శాతం తగ్గింది, నగరంలోని మిగతా ప్రాంతాల్లో తగ్గింది 9 శాతమే. ఈ అంకెలోనే దాని బలమూ పరిమితీ రెండూ ఉన్నాయి: దాని ప్రభావం ఎక్కువగా కనిపించేది అర కిలోమీటరు లోపలే. బహిరంగంగా ఇంజెక్షన్లు తీసుకునేవారు ఒక్కచోట గుమిగూడే ప్రాంతముంటే ఈ గది ప్రాణాలు కాపాడుతుంది. వాడేవారు ఊరంతా చెదిరి, తలుపులు మూసుకుని ఇళ్లలో వాడే చోట ఆ డబ్బుతో మందు, నాలోక్సోన్ ఇవ్వడం మేలు.

వైద్యులే హెరాయిన్ ఇచ్చే చికిత్సను స్విట్జర్లాండ్ 1994లో ప్రయోగంగా మొదలుపెట్టింది, 2008 ప్రజాభిప్రాయ సేకరణలో 68 శాతం మంది దాన్ని ఆమోదించారు. ఖరీదైన పద్ధతి. మెథడోన్‌తో పదేపదే ఫలితం దక్కని కొద్దిమందికి పనిచేస్తుంది. మెథడోనే సరిగా అందని చోట దీనితో మొదలుపెట్టకూడదు.

చట్టాన్ని మార్చడం

ఈ విషయంలో పోర్చుగల్, ఆరెగాన్ పేర్లను రెండు వర్గాలూ తమకు అనువైనట్టు వాడుకుంటాయి. పోర్చుగల్‌లో 2001 జూలై 1 నుంచి పది రోజుల వాడకానికి మించని మత్తు దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. పట్టుబడితే న్యాయ, సామాజిక, వైద్య రంగాలకు చెందిన ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు వెళ్లాలి, వారు చికిత్సకు దారి చూపుతారు. అదే కాలంలో మెథడోన్‌ను, సూదులను విరివిగా పెంచారు. అమెరికాలోని ఆరెగాన్ 2021 ఫిబ్రవరిలో శిక్షను తీసేసి 100 డాలర్ల జరిమానా టికెట్టు, చికిత్స సహాయం కోసం ఒక ఫోను నంబరు పెట్టింది. ఆ నంబరుకు ఫోను చేసినవారు బహు తక్కువ, చికిత్స కోసం కేటాయించిన నిధులు కేంద్రాలకు చేరేసరికి ఆలస్యమైంది, సరిగ్గా ఆ సమయంలోనే ఫెంటనిల్ వచ్చి పడింది. 2024 సెప్టెంబరు నుంచి మళ్లీ నేరంగా మార్చారు. నేను దీన్నుంచి తీసుకునే పాఠం శిక్ష తప్పించడం తప్పని కాదు. కమిషన్ గదికి ఆవల ఆరోజే మందు ఇచ్చే కిటికీ తెరిచి ఉందా అన్నదే పోర్చుగల్‌కూ ఆరెగాన్‌కూ మధ్య తేడా. చట్ట సవరణకు డబ్బు పెద్దగా కాదు కనుక తేలికైన పనిగా కనిపిస్తుంది, కానీ చికిత్స సిద్ధం కాకముందే చేస్తే దాని మీద వచ్చే వ్యతిరేకత చికిత్సను కూడా తనతో లాక్కుపోతుంది.

మద్యం, ఉత్తేజకాలు

మద్యం విషయంలో పైన చెప్పిన పడకల వాదన తలకిందులవుతుంది. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి మానితే మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణమే పోవచ్చు. అక్కడ వైద్యుల పర్యవేక్షణలో మాన్పించే పడక, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు అవసరమే. తరువాత నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు తోడ్పడతాయి. కొకైన్, మెథాంఫెటమిన్ వంటి ఉత్తేజకాలకు మెథడోన్‌లాంటి మందు ఇప్పటిదాకా లేదు. పరీక్షలో మత్తు లేదని తేలిన ప్రతిసారీ చిన్న కానుకో కూపనో ఇచ్చే పద్ధతికే అన్నిటికన్నా మంచి సాక్ష్యముంది, కమిటీల్లో అన్నిటికన్నా ఎక్కువ నవ్వు తెప్పించేదీ అదే.

చేతిలో ఉన్న డబ్బును బట్టి

చాలా తక్కువ డబ్బుంటే కొత్త భవనం జోలికి పోకుండా, ఉన్న క్లినిక్కుల్లోనే వైద్యులకు, నర్సులకు శిక్షణ ఇచ్చి బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టండి, నాలోక్సోన్ పంచండి. ఇంజెక్షన్ల వాడకం ఉంటే సూదులను అదే రోజు కలపండి, తరువాతి బడ్జెట్ దాకా ఆగవద్దు. కొంచెం వెసులుబాటు ఉంటే మెథడోన్ కేంద్రం, జైలు లోపలే చికిత్స. మరింత ఉంటేనే, అదీ ఒక్కచోట గుమిగూడే పరిస్థితి ఉంటేనే పర్యవేక్షణ గది. హెరాయిన్ చికిత్స వీటన్నిటి తరువాత.

ఏ సంస్థకు పని అప్పగించినా ఒప్పందంలో చెల్లింపును కోర్సు పూర్తి చేసినవారి సంఖ్యకు ముడిపెట్టకండి. చేరినవారిలో 12వ నెల చివర ఎంతమంది బతికి, చికిత్సలో ఉన్నారన్నదానికి ముడిపెట్టండి. చనిపోయినవారిని, జాడ తెలియనివారిని లెక్కలోంచి తీసేయకుండా విడివిడిగా చూపించమనండి. ఆసుపత్రి నుంచైనా, జైలు నుంచైనా మనిషి బయటికి వచ్చే రోజున చేతిలో మూడు ఉండాలని రాయించండి: తరువాతి క్లినిక్కుకు చేరేదాకా సరిపడే మందు, ఆ క్లినిక్కులో ఎవరిని ఏ రోజు కలవాలో రాసిన చీటీ, ఒక నాలోక్సోన్ స్ప్రే. ఆ చీటీలోని తేదీ నాటికి మనిషి రాకపోతే మర్నాడే వెతుక్కుంటూ వెళ్లవలసింది ఎవరో, ఆ ఉద్యోగి హోదా కూడా ఒప్పందంలోనే ఉండాలి.